మీ బోవా ఏ మార్ఫ్? చూసి ఎంతవరకు చెప్పొచ్చు, ఎక్కడ ఆగాలి

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. మీరు డాలస్‌లో ఉంటున్నారు. ఊరు మారిపోతున్న ఒకాయన నాలుగడుగుల ఆడ బోవా పాముని మీకిచ్చి వెళ్లారు. దాని మార్ఫ్, అంటే జన్యువుల వల్ల వచ్చిన రంగు, పొడల రకం, ఏంటన్నది మీ ప్రశ్న. "హైపో జంగిల్, హెట్ ఆల్బినో" అని నోటిమాటగా చెప్పారు తప్ప కాగితమేదీ ఇవ్వలేదు. ఒళ్లు లేత నారింజ, గులాబీ కలిసిన రంగు. తోక ఎర్రగా ఉంది. వీపు మీద పొడలు అక్కడక్కడా ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. కళ్లు మామూలుగానే ఉన్నాయి. ఫోటోలు చూపిస్తే ఒకరు సన్‌గ్లో అన్నారు, ఒకరు పాస్టెల్ అన్నారు, మరొకరు సాల్మన్ అన్నారు. దీని జన్యువులేంటో కచ్చితంగా ఎలా తెలుస్తుంది, డీఎన్ఏ టెస్ట్ ఉందా, దీనితో పిల్లలు తీయొచ్చా, ఇండియాకి వెళ్లిపోతే తీసుకెళ్లొచ్చా అని అడిగారు.

మీ పాము హైపో, అంటే నలుపు తగ్గిన రకం. దాదాపు ఖాయం. సన్‌గ్లో కాదు, అది పూర్తిగా ఖాయం. జంగిల్, అంటే పొడల వరుస చెదిరిన రకం, అన్నది అనుమానమే. హెట్ ఆల్బినో, అంటే నలుపే లేని ఆల్బినో జన్యువుని పైకి కనబడకుండా మోస్తోందా అన్నది, ఫోటో చూసి ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. సాల్మన్ అన్నాయన తప్పు చెప్పలేదు, అది హైపోలో ఒక వంశానికి ఉన్న పేరు. పాస్టెల్ అన్నాయనది కూడా అబద్ధం కాకపోవచ్చు గానీ ఆ మాట వల్ల మీకు ఉపయోగం లేదు. ఎందుకో కింద చెబుతాను.

నేను హ్యూస్టన్ శివార్లలో పదమూడేళ్లుగా బోవాలు పెంచుతున్నాను. పగలు కంప్యూటర్ ఉద్యోగం, రాత్రిళ్లు ఫ్రీజర్లోంచి ఎలుకలు తీసి వేడినీళ్లలో కరిగించడం. మా అమ్మ ఖమ్మం నుంచి వచ్చి ఆర్నెల్లున్నా ఒక్కసారి కూడా ఆ గదిలోకి తొంగిచూడలేదు. నాగులచవితి రోజున మాత్రం తలుపు బయట చిన్న గిన్నెలో పాలు పెట్టింది. పాములు పాలు తాగవని చెప్పి పండగపూట ఆవిడతో వాదన ఎందుకని ఊరుకున్నాను.

అసలు విషయానికొస్తే, ఇంట్లో ఎవరికైనా చూపిస్తే "కొండచిలువ" అంటారు. బోవా కొండచిలువ కాదు. కొండచిలువలు గుడ్లు పెడతాయి, బోవా పిల్లల్ని కంటుంది. అమెరికాలో పెంపుడు జంతువుగా దొరికే బోవాల్లో ఎక్కువ భాగం కొలంబియా మూలాలున్న బోవా ఇంపరేటర్. దక్షిణ అమెరికాలో సురినామ్, గయానా, పెరూ వైపు ఉండే బోవా కన్‌స్ట్రిక్టర్ వేరు. రెడ్‌టెయిల్ అన్న పేరు నిజానికి దానిదే అయినా దుకాణాల్లో రెండింటికీ తగిలించేస్తారు. మీ పాము తోక ఎర్రగా ఉందని రెడ్‌టెయిల్ అనుకోకండి. ఫోటోలో తల, పొడల తీరు చూస్తే ఇంపరేటర్ లాగే ఉంది. ఇదెందుకు చెబుతున్నానంటే, మార్ఫ్ పేర్లలో ఎక్కువ భాగం ఇంపరేటర్‌లో స్థిరపడినవే. మధ్యలో ఏ దీవి బోవా రక్తమో కలిసి ఉంటే కంటితో చేసే లెక్కలన్నీ తారుమారవుతాయి.

ఇప్పుడు పదో తరగతిలో చదువుకున్న మెండల్ బఠాణీలు కాస్త గుర్తు తెచ్చుకోండి. ప్రతి జన్యువుకీ రెండు ప్రతులు, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. అంతర్గత లక్షణమైతే రెండు ప్రతులూ ఉంటేనే పైకి కనబడుతుంది. ఒకటే ఉంటే పాము మామూలుగా కనిపిస్తూ లోపల దాన్ని మోస్తూ ఉంటుంది. పుస్తకంలో విషమయుగ్మజం అని చదివాం కదా, మావాళ్లు దాన్నే ముద్దుగా "హెట్" అంటారు. ఆల్బినో, అనెరీ, బ్లడ్, లెపర్డ్ ఇవన్నీ ఈ కోవలోవి. రెండో రకంలో ఒక్క ప్రతి ఉన్నా తేడా కనబడుతుంది, రెండుంటే "సూపర్" అంటారు. హైపో, జంగిల్, మోట్లీ ఇందులోకి వస్తాయి. మూడో రకం అసలు ఒక జన్యువే కాదు. మంచి రంగున్న వాటిని ఏరి ఏరి తరతరాలుగా జతకట్టిస్తే రంగు కొంచెం కొంచెంగా పెరుగుతూ వస్తుంది. పాస్టెల్ ఇదే. అందుకే దాని వల్ల ఉపయోగం లేదన్నాను. పాస్టెల్ అంటే "రంగు బాగుంది" అని అర్థం, అంతే. పిల్లల్లో ఎన్నింటికి వస్తుందో లెక్కకట్టడానికి అక్కడ లెక్కంటూ లేదు.

పామును చేతిలోకి తీసుకుని నేను చూసే వరుస ఇది: మొదట కళ్లు, తర్వాత నలుపు, తర్వాత ఎరుపు, ఆఖర్న పొడల ఆకారం. చాలామంది దీన్ని తిరగేసి మొదట పొడలు చూస్తారు. ఎందుకంటే పొడలే కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. తప్పులన్నీ అక్కడే మొదలవుతాయి.

కళ్లు. మీ పాము కనుపాప చుట్టూ గోధుమ, బూడిద రంగు ఉంది, కనుపాప నల్లగా ఉంది. అంటే మెలనిన్ తయారవుతోంది. సన్‌గ్లో అంటే ఆల్బినో, హైపో రెండూ కలిసిన పాము. ఆల్బినో అయితే కళ్లు ఎర్రగా ఉండాలి, ఒంటి మీద నల్లచుక్క అన్నది కనబడకూడదు. మీ రెండో ఫోటోలో వీపు మీద చిన్న చిన్న నల్ల పొలుసులు స్పష్టంగా ఉన్నాయి. సన్‌గ్లో మాట ఇక్కడితో వదిలేయండి.

నలుపు. ఇక్కడ మీ పాము కథంతా తోకలో ఉంది. మామూలు బోవా తోక మీద ఇటుకరంగు పొడల చుట్టూ నల్లటి అంచు గీత గీసినట్టు ఉంటుంది, మధ్యలో నల్ల చుక్కలు చిలకరించినట్టు ఉంటాయి. హైపోలో ఆ అంచు పోతుంది, లేదా బాగా పలచబడుతుంది. తోక శుభ్రంగా కడిగి ఆరేసినట్టు కనిపిస్తుంది. మీ ఫోటోలో తోక అచ్చం అలాగే ఉంది. వీపు మీద పొడలు కూడా ముదురు గోధుమ కాకుండా తేనె రంగులో ఉన్నాయి. రంగు ఎంత లేతగా ఉందన్నది నేను పెద్దగా పట్టించుకోను, అది పాముని బట్టి మారుతుంది. తోక అంచు చూసి తప్పు చెప్పింది మాత్రం నాకు తెలిసి రెండు మూడుసార్లే.

ఆ రెండు మూడుసార్లలో ఒకటి చెబుతాను. హోండురస్ తీరంలోని కాయోస్ కొచీనోస్ దీవుల నుంచి వచ్చిన బోవాలు ఉన్నాయి, వాటిని హాగ్ ఐలాండ్ బోవాలంటారు. అవి పుట్టుకతోనే లేత రంగువి, సైజులో కూడా చిన్నవి. వాటి సంకరం ఒకటి నా దగ్గరికి వస్తే నేను ధీమాగా హైపో అని రాసిచ్చేశాను. తర్వాత దాని తల్లి వివరాలు దొరికాక నాలుక కరుచుకోవాల్సి వచ్చింది. మీ పాము నాలుగడుగులే కదా. వయసు తెలిస్తే ఈ అనుమానం కూడా తేలిపోతుంది. రెండేళ్లదైతే మామూలు ఎదుగుదలే. ఎనిమిదేళ్లదై ఉండి ఇంకా నాలుగడుగులే ఉంటే చిన్న జాతి రక్తం ఉందేమో ఆలోచించాలి. కొలంబియా ఆడ బోవా సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది అడుగుల దాకా పెరుగుతుంది.

హైపోకి ఒక ప్రతా రెండా అన్నది ఇంకో చిక్కు. సూపర్ హైపో ఆరోగ్యానికి ఏ లోటూ లేదు గానీ, చూసి పోల్చడం కష్టం. ఒక్కో హైపో సూపర్ కంటే బాగుంటుంది, ఒక్కో సూపర్ మామూలు హైపోలా ఉంటుంది. మామూలు పాముతో జతకడితే పిల్లలన్నీ హైపోలైతే సూపర్, సగం సగం అయితే ఒకే ప్రతి. వేరే దారి లేదు.

ఎరుపు. మీ పాములో ఎరుపు దండిగా ఉంది, కాబట్టి ఇది అనెరీ కాదు. అనెరీ అంటే ఎరుపు రంగు తయారుకాని పాము. పిల్లగా ఉన్నప్పుడు వెండి, నలుపు రంగుల్లో పాత సినిమా చూస్తున్నట్టుంటుంది. పెద్దయ్యాక చాలావాటిలో పక్కలకి పసుపు, గోధుమ ఛాయ దిగుతుంది. నా మొదటి అనెరీకి మూడో ఏట అలా దిగితే మోసపోయాననుకుని అమ్మినాయనకు కోపంగా మెయిల్ రాశాను. ఆయన పాపం ఓపిగ్గా దాని అమ్మమ్మ ఫోటో పంపాడు, అచ్చం ఇలాగే ఉంది. క్షమాపణ చెప్పుకున్నాను.

ఇప్పుడు పొడల ఆకారం, అంటే మీ పాము జంగిలా కాదా.

మామూలు బోవా వీపు మీద జీను ఆకారంలో ముదురు పొడలు వరుసగా ఉంటాయి, వాటినే శాడిల్స్ అంటారు. జంగిల్‌లో ఆ వరుస చెదిరిపోతుంది. పొడలు ఒకదాంట్లో ఒకటి పారిపోతాయి, తోకలో చారలు పడతాయి, పసుపు కూడా కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. మీ పాముకి మెడ దగ్గర మూడు పొడలు కలిశాయి, నడుము దగ్గర ఒకచోట గొలుసులా ఉంది, మిగతాదంతా క్రమంగానే ఉంది. తోకలో చారల్లేవు. నా అనుభవంలో జంగిల్ ఇంత మొహమాటంగా ఉండదు. అలాగని ఎప్పుడూ ఉండదనీ చెప్పలేను.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పొడలు చెదిరినంత మాత్రాన దాని వెనక జన్యువు ఉండి తీరాలని లేదు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు వేడి తేడాలొచ్చినా పిల్లల పొడలు అస్తవ్యస్తం కావచ్చు. అలాంటి ఆడపాము ఒకటి నా దగ్గర ఉండేది, మీ పాము కంటే ఎక్కువ చెదిరిన పొడలు. జంగిల్ అని నమ్మి కొన్నాను, జంగిల్ ధరే కట్టాను. ఐదో ఏట మామూలు మగదానితో జతకడితే పద్దెనిమిది పిల్లలు పుట్టాయి. పద్దెనిమిదింటికీ గీత గీసి పెట్టినట్టు చక్కటి వరుస పొడలు. అది జంగిలే అయ్యుంటే సగం పిల్లల్లో కనబడాలి. పద్దెనిమిదిలో ఒక్కదానికీ రాకపోయే అవకాశం రెండు లక్షల అరవై రెండు వేలలో ఒకటి. అమ్మినవాళ్లు మోసం చేశారని కూడా అనలేను, వాళ్లూ చూసి నమ్మినట్టున్నారు.

మోట్లీ గురించి రెండు ముక్కలు, ఎందుకంటే మీ ప్రశ్న కింద ఎవరో "మోట్లీ ఏమో" అని కూడా రాశారు. మోట్లీ అయితే వీపు మీద పొడలు గుండ్రటి కిటికీల్లా వరుసగా ఉండి, రెండు పక్కలా ముదురు పట్టీ వాటిని కలుపుతూ పోతుంది. మీది అలా లేదు. ఇంకో విషయం, మోట్లీకి మోట్లీని జతకట్టకండి. రెండు ప్రతులున్న సూపర్ మోట్లీ పొడల్లేకుండా ముదురు బూడిద రంగులో ఎంతో అందంగా పుడుతుంది, కానీ ఎక్కువగా చిన్నతనంలోనే చనిపోతుంది. ఒక స్నేహితుడి దగ్గర అలాంటి పిల్లని ఐదు నెలలు చూశాను. రెండోసారి చూడాలని లేదు.

ఇక అసలు ముడి, హెట్ ఆల్బినో.

హెట్ పాము పైకి ఏ తేడా చూపించదు. "కడుపు మీద పొలుసులు ఇలా ఉంటే హెట్", "తలమీద ఈ గుర్తుంటే హెట్" అని చెప్పేవాళ్లు పాములు అమ్మే ఎక్స్‌పోల్లో ప్రతి టేబుల్ వెనకా ఉంటారు. ఇన్నేళ్లలో అలాంటి గుర్తు నమ్మి పెట్టిన డబ్బు నాకు తిరిగిరాలేదు. హెట్ అన్నది పాము గురించి చెప్పే మాట కాదు, దాని తల్లిదండ్రుల గురించి చెప్పే మాట. తల్లిదండ్రుల్లో ఒకటి ఆల్బినో అయితే పిల్ల నూటికి నూరు శాతం హెట్. రెండూ హెట్‌లైతే నాలుగో వంతు పిల్లలు ఆల్బినోలుగా పుడతాయి, మామూలుగా కనిపించే మిగతావాటిలో ఒక్కోటి హెట్ అయ్యే అవకాశం మూడింట రెండు. దాన్నే "66 శాతం హెట్" అని అమ్ముతారు. ఒకటి హెట్, ఇంకోటి మామూలుదైతే 50 శాతం. మీకు పాము ఇచ్చినాయన "హెట్" అన్నప్పుడు ఈ మూడింటిలో ఏది అన్నారో అడిగారా? అడిగి ఉండరు. వీలైతే ఇప్పుడైనా ఒక మెసేజ్ పెట్టండి. ఎక్కడ కొన్నారు, ఏ సంవత్సరం, తల్లిదండ్రుల ఫోటోలున్నాయా అని. ఆ ఒక్క మెసేజ్‌కి వచ్చే జవాబు నా ఈ వ్యాసం మొత్తం కంటే విలువైనది.

అడిగేటప్పుడు "ఏ ఆల్బినో?" అని తప్పకుండా అడగండి. బోవాల్లో ఆల్బినో ఒకటి కాదు. కాల్, షార్ప్ అని రెండు వేర్వేరు వంశాలున్నాయి, వాటిని మొదట స్థిరపరిచిన బ్రీడర్ల ఇంటిపేర్లే ఆ పేర్లు. రెండూ చూడటానికి దగ్గరదగ్గరగా ఉంటాయి. రెంటిలోనూ నలుపు ఉండదు, కళ్లు ఎర్రగా ఉంటాయి. కానీ కాల్ ఆల్బినోని షార్ప్ ఆల్బినోతో జతకడితే పిల్లలన్నీ మామూలు రంగులో పుడతాయి! తెల్లటి తల్లి, తెల్లటి తండ్రి, నల్లపొడల పిల్లలు. నల్లరంగు తయారీని గొలుసుకట్టు పని అనుకోండి. ఒక వంశంలో మొదటి మనిషి రాలేదు, ఇంకో వంశంలో మూడో మనిషి రాలేదు. ఎక్కడికక్కడ పని ఆగిపోయింది. రెంటినీ కలిపితే ఒకరిలో లేని మనిషిని ఇంకొకరు పంపుతారు, పని మళ్లీ నడుస్తుంది.

ఇది నాకు పుస్తకంలో చదివితే తెలియలేదు. 2014లో ఒక ఎక్స్‌పోలో "100 శాతం హెట్ ఆల్బినో" అని చిన్న ఆడ పాముపిల్లని కొన్నాను. మంచి కాల్ ఆల్బినో మగదాన్ని అప్పటికే సిద్ధంగా పెట్టుకున్నాను. నాలుగేళ్లు మేపాను. 2019 వేసవిలో ఇరవై మూడు పిల్లలు పుట్టాయి. రాత్రి రెండింటికి టార్చ్ వేసి చూస్తే ఒక్కటంటే ఒక్క తెల్లపిల్ల లేదు. తల్లి నిజంగా కాల్ హెట్ అయ్యుంటే సగం రావాలి, ఇరవై మూడులో ఒక్కటీ రాకపోవడమంటే ఎనభై మూడు లక్షల్లో ఒక వంతు అవకాశం. అమ్మినాయన్ని పట్టుకుంటే తాపీగా "ఆ, దాని నాన్న షార్ప్ కదా" అన్నాడు. లేబుల్ మీద ఆ ఒక్క ముక్క రాయలేదు. అబద్ధం ఆడలేదు, సగమే చెప్పాడు. ఆ ఇరవై మూడు పిల్లలూ నూటికి నూరు శాతం కాల్ హెట్, యాభై శాతం షార్ప్ హెట్ అని ప్రతి డబ్బా మీదా రాసి తక్కువ ధరకి ఇచ్చేశాను. అప్పట్నుంచి నా దగ్గర లేబుల్‌లో వంశం పేరు లేకుండా పాము బయటికి పోదు.

ఇంకా గమ్మత్తేంటంటే, అన్ని వంశాలూ ఇలా వేరువేరు కావు. బోవావుమన్ క్యారమెల్ అని ఇంకో వంశం ఉంది. అందులో నలుపు పూర్తిగా పోదు, ఉండాల్సిన చోట పంచదార పాకం రంగు ఉంటుంది. దాన్ని షార్ప్‌తో కలిపితే పిల్లలు మామూలుగా పుట్టవు, మధ్యరకం రంగుతో పుడతాయి. ఆ మధ్యరకానికే పారడైమ్ అని పేరు. అంటే ఆ రెండూ ఒకే జన్యువులో రెండు రకాల లోపాలు. కాబట్టి మీ పాము షార్ప్ హెట్ అయితే ఆటలో ఒక రకం ముక్కలు, కాల్ హెట్ అయితే ఇంకో రకం.

డీఎన్ఏ టెస్ట్ సంగతి. మీరు అనుకున్నంత వింతేమీ కాదు, పాము విడిచిన కుబుసం చాలు, రక్తం అక్కర్లేదు. కార్న్ స్నేక్‌లో ఆల్బినిజానికి ఓసీఏ2 అనే జన్యువులో వచ్చిన లోపం కారణమని 2015లో తేలింది. బాల్ పైథాన్‌లలో ఆల్బినో, లావెండర్ ఆల్బినో, అల్ట్రామెల్ అనే మూడు రంగులకి మూడు వేర్వేరు జన్యువుల లోపాలు కారణమని 2022లో ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు. పెంపకందారులు పంపిన కుబుసాలతోనే చేశారు ఆ పని. పైన చెప్పిన గొలుసుకట్టు పని కథే ఇది, పాము వేరు. డబ్బులు తీసుకుని కుబుసం పరీక్షించే ల్యాబ్‌లు కూడా ఆ దారిలోనే వచ్చాయి, అవి ముందుగా పట్టించుకుంది బాల్ పైథాన్‌లనే. కాబట్టి కుబుసం పంపేముందు "బోవాలో, ఫలానా వంశానికి టెస్ట్ ఉందా" అని రాతపూర్వకంగా అడగండి. బాల్ పైథాన్ టెస్ట్ బోవాకి పనికిరాదు. ఒక వంశానికి "లేదు" అని వస్తే ఇంకో వంశానికి కూడా లేదని కాదు. ఈలోగా మంచి కుబుసం ఒకటి ఆరబెట్టి, కాగితం కవర్లో తేదీ వేసి దాచుకోండి. ఒక పాముది ఒక కవర్, కలపొద్దు.

మిగిలింది పాత పద్ధతి, జతకట్టి చూడటం. ఆల్బినో మగదానితో జతకడితే, మీది అదే వంశం హెట్ అయితే పిల్లల్లో సుమారు సగం ఆల్బినోలు వస్తాయి. ఒక్క ఆల్బినో పుట్టినా హెట్ అని రుజువైనట్టే. ఎనిమిది పిల్లలు పుట్టి ఒక్కటీ రాకపోతే 256లో ఒక వంతు అనుమానమే మిగులుతుంది, నేను దాన్ని "కాదు" కిందే రాసుకుంటాను. నాలుగే పుడితే మాత్రం తొందరపడను, పదహారులో ఒక వంతు అంటే తక్కువేం కాదు.

చెప్పినంత తేలిక కాదు లెండి. ఆడ బోవాకి కనీసం నాలుగేళ్లు నిండి, మంచి ఒళ్లు పట్టాలి. అండాలు విడుదలయ్యాక విడిచే కుబుసం నుంచి లెక్కేస్తే ఇంకో వంద నుంచి నూట ఇరవై రోజులు. ఒక ఈతలో ఇరవై ముప్ఫై పిల్లలు రావచ్చు, అన్నింటికీ విడివిడి డబ్బాలు, విడివిడి తిండి, ఆనక ఇళ్లు వెతకడం. ఒక "హెట్" అన్న మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ఇంత అవసరమా అన్నది మీరే ఆలోచించండి. నేనైతే మీ స్థానంలో ఆ ప్రశ్నని అలాగే వదిలేసేవాణ్ణి.

చేసి తీరాలనుకుంటే, మార్ఫ్ కంటే ముందు ఐబీడీ టెస్ట్ చేయించండి. ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్ అని బోవాలకి వచ్చే ప్రాణాంతకమైన జబ్బు. దాని వెనక అరీనా వైరస్‌లు ఉన్నాయని 2012లో బయటపడింది. బోవా పైకి ఆరోగ్యంగా ఉంటూనే ఏళ్ల తరబడి దాన్ని మోయగలదు. చేతులు మారిన పాము, చరిత్ర తెలియదు. సరీసృపాల వెటర్నరీ డాక్టర్ దగ్గర పరీక్ష చేయించకుండా ఇంకో పాము గదిలోకి కూడా తేవద్దు. నేను కొత్త పాముని కనీసం మూడు నెలలు వేరే గదిలో ఉంచుతాను, దానికి వాడే పట్టకారు కూడా వేరే.

ఇంకో జాగ్రత్త. ఒకే సీజన్లో రెండు మగవాటిని పెట్టకండి, తండ్రి ఎవరో తేలదు. మీరు ఏ మగదాన్నీ పెట్టకపోయినా పిల్లలు పుడితే మాత్రం భయపడకండి! ఆడ పాములు వీర్యాన్ని చాలాకాలం దాచుకోగలవు, కాబట్టి పాత యజమాని దగ్గర జరిగిన జత కావచ్చు. అది కాకపోతే ఇంకా విచిత్రం. నార్త్ కరొలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక క్యారమెల్ రంగు ఆడ బోవా గురించి రాశారు. దాని చుట్టూ మగవి ఉన్నా, రెండు ఈతల్లో పుట్టిన ఇరవై రెండు పిల్లలూ ఆడవే, అన్నీ తల్లిలాగే క్యారమెల్. ఆ రంగు అంతర్గత లక్షణం. మగవాటి పాత్ర ఉండుంటే అన్నింటికీ రావడం దాదాపు అసాధ్యం. డీఎన్ఏ చూస్తే తండ్రి అన్నవాడే లేడు. రంగు జన్యువే ముందుగా గుట్టు విప్పిందన్నమాట. అది 2011 నాటి పరిశోధన. మార్ఫ్‌ల లెక్కలు పనికిమాలినవి అనేవాళ్లకి నేను ఈ కథే చెబుతుంటాను.

ఫోటోల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీకొచ్చిన జవాబులు మూడు రకాలుగా ఉండటానికి సగం కారణం మీ ఫోటోలే, ఏమీ అనుకోకండి. మొదటిది రాత్రి పసుపు బల్బు కింద తీశారు. బోవాలు రాత్రిపూట సహజంగానే లేతబడతాయి, కొన్నింటిలో ఆ తేడా ఆశ్చర్యంగా ఉంటుంది. దానికి పసుపు వెలుతురు తోడైతే ప్రతి పామూ సన్‌గ్లోనే. మూడో ఫోటోలో కళ్లకి నీలిపొర కమ్మి ఉంది, అంటే కుబుసం విడవబోతోంది. అప్పుడు ఏ పామైనా బూడిద పట్టినట్టుంటుంది. వయసుతో కూడా రంగు మారుతుంది. ఐఎంజీ అనే మార్ఫ్‌లో అయితే పుట్టినప్పుడు మామూలుగా ఉండి, కుబుసం విడిచినప్పుడల్లా ఒక మెట్టు నల్లబడుతూ పోతుంది. అందుకే పిల్లప్పటి ఫోటో ఒకటైనా పాత యజమాని ఫోన్లో ఉందేమో అడగమంటున్నాను.

ఇండియా సంగతి రెండు మాటల్లో. హైదరాబాద్ వెళ్లిపోతే దీన్ని సామానుతో పాటు తీసుకెళ్లడం కుదరదు. వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సైటిస్, దాని రెండో అనుబంధంలో బోవా ఉంది. ఇక్కడి నుంచి ఎగుమతి అనుమతి, అక్కడ దిగుమతి లైసెన్సు కావాలి, 2024 నిబంధనల ప్రకారం భారత ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో నమోదు కూడా చేయించాలి. అంత తతంగం కంటే ఇక్కడే మంచి ఇల్లు చూడటం పాముకీ మేలు. మన దగ్గర రెండు తలల పాము అని లక్షలకి బేరం పెడతారే, ఆ ఎర్ర శాండ్ బోవా కూడా దీని బంధువే. పాపం దానికి మార్ఫ్ లేదు, మహత్యమూ లేదు. అది మన అడవి జీవి, పట్టినా అమ్మినా వన్యప్రాణి చట్టం కింద జైలే. ఈ ప్రశ్న కింద ఎవరో దాని ధర అడిగారు, జవాబివ్వకండి.

ప్రస్తుతానికి మీ పాము కార్డు మీద ఇలా రాసుకోండి: "హైపో, ఒకటో రెండో ప్రతులు తెలియదు. జంగిల్ అనుమానం. హెట్ ఆల్బినో అని చెప్పారు, వంశం తెలియదు, రుజువు లేదు." ఎవరికైనా ఇవ్వాల్సొస్తే అక్షరం మార్చకుండా ఇదే చెప్పండి. తర్వాతి కుబుసం విడిచిన రెండో రోజున, పగలు నీడలో, ఫ్లాష్ లేకుండా నాలుగు ఫోటోలు తీసి పెట్టండి: తల పైనుంచి, ఒక కన్ను దగ్గరగా, వీపు మొత్తం, తోక పైనా కిందా కనిపించేలా. తోక ఫోటో మీద మాత్రం కాస్త శ్రద్ధ పెట్టండి, జంగిల్ సంగతి ఏదైనా తేలితే అక్కడే తేలాలి. పెట్టాక ఇక్కడే నన్ను ట్యాగ్ చేయండి, చూస్తాను.